లాల్ దవా పడ్డ బావి

పోలీసు చర్య మొదలైన రోజుల్లో బోయిన్‌పల్లి అంతా ఒకటే పుకారు: ఎవరో బావుల్లో విషం కలుపుతున్నారట! నిజమో కాదో గానీ, జకర్యా మాస్టారికి ఆ పూట పెరటి బావినీళ్లు చేదుగా తగిలాయి.

"కాకరకాయ తిన్న నోటికి చేదుగాక ఇంకేం తగులుతుందండీ?" అంది భార్య దేవకృప.

మాస్టారు వింటేనా! బతికున్న కొర్రమీనును తెచ్చి, బావినీళ్లు పోసిన గంగాళంలో వదిలాడు. అది తోకాడిస్తూ హాయిగా తిరిగింది. ఆయన పొంగిపోతుంటే పక్కింటి బుచ్చమ్మ గోడ మీంచి తొంగిచూసింది. వాళ్లకూ ఆ బావే దిక్కు.

"చేప ఈదుతది గని సారూ, నీళ్లు తాగుతదా ఏందీ?"

మాస్టారు చేపను గంగాళంలోనే వదిలేశాడు. నేరుగా దవాఖానాకు పోయి, క్రిములు చావడానికి బావుల్లో వేసే లాల్ దవా, అదే పర్మాంగనేట్ పొడి, డబ్బాడు తెచ్చాడు. రెండు చెంచాలు చాలని కాంపౌండర్ చెప్పనే చెప్పాడు. విషం ఎంత కలిపారో తెలియనప్పుడు చెంచాల లెక్కేమిటని మాస్టారు డబ్బా మొత్తం బావిలో బోర్లించేశాడు.

తెల్లారి చేద లాగిన బుచ్చమ్మ కెవ్వుమంది.

"ఓయమ్మో, నెత్తురు! బావిల ఎవర్నో కోసి ఏసిండ్రు!"

గల్లీ అంతా కర్రలతో ఉరికొచ్చింది. గాలం వేసి దేవితే శవం రాలేదు గానీ రెండు చెంబులు, ఒక అట్లకాడ దొరికాయి. దేవకృప అట్లకాడను మాత్రం గుర్తుపట్టి లాక్కుంది.

"అది మందమ్మా! రోగాలు రాకుండా వేశాను!" మాస్టారు గొంతు చించుకున్నాడు.

"మందైతే మీరే తాగుండ్రి సారూ," అంది బుచ్చమ్మ.

దిక్కుతోచక భార్య వైపు చూశాడు. ఆమె చెంబు ముంచి చేతికిచ్చింది. మాస్టారు కళ్లు మూసుకుని ప్రార్థన షురూ చేశాడు. అందరి క్షేమం కోసం, ఊరి క్షేమం కోసం, నిజాం క్షేమం కోసం, వచ్చే సైన్యం క్షేమం కోసం వేడుకున్నాడు. ఎంతకీ ఆమెన్ అనడు.

"జెర జల్ది కానియ్యుండ్రి, వంటకు పొద్దువోతుంది!" అంది బుచ్చమ్మ.

ఒక్క గుక్క నోట్లో పోసుకుని, కాలువ దగ్గరికి పరుగెత్తి ఉమ్మేశాడు. వెనక్కి తిరిగేసరికి ఆయన తెల్ల మీసం నిగనిగలాడే గోధుమరంగుకు వచ్చేసింది. పళ్లదీ అదే రంగు. దేవకృప నవ్వు ఆపుకోలేక చప్టా మీద కూలబడింది. తిట్టడానికి వచ్చినవాళ్లు కూడా ఆ మొహం చూసి చల్లబడి, తలా ఒక చెయ్యి వేసి సాయంత్రం దాకా ఆ ఎర్రనీళ్లు తోడిపోశారు.

చీకటి పడుతుండగా బుచ్చమ్మ మొగుడు నెరిసిన మీసం నిమురుకుంటూ గోడ పక్కకు వచ్చాడు.

"సారూ... గా దవా జెరంత మిగిలిందా?"