ఇగిరిన నీళ్ళు

చేపల తట్ట ఆస్పత్రి గోడ పక్కన ఎండలో పడి ఉంది. తెల్లవారుజామున కొన్న చేపలు అమ్మకుండానే వాసన పట్టాయి. సన్యాసమ్మకి ఆ ధ్యాసే లేదు. లోపల కోడలు సుధామణి ఏడో నెలలో చచ్చిన బిడ్డని కని, గోడ వైపు తిరిగి పడుకుంది. నిరుడు ఐదో నెలలో ఒక కడుపు పోయింది. ఇది రెండోది.

డాక్టరు ఉషశ్రీ సన్యాసమ్మని వరండాలోకి పిలిచింది. వారం కిందట సుధామణి నొప్పులతో చేరినప్పుడు రక్తం తీయించి, ఇంట్లో తాగే నీళ్ళు కూడా ఓ సీసాలో తెమ్మన్నది ఆవిడే. రెండు రిపోర్టులూ ఇవాళ వచ్చాయి. రెండింట్లోనూ సీసం ఉంది, ఉండకూడనంత.

సీసం సన్యాసమ్మకి తెలియనిది కాదు. మొగుడు బతికున్న రోజుల్లో వల నీళ్ళలో మునగడానికి అంచుకి సీసం గుళ్ళు గుచ్చింది తనే. అది తాగే నీళ్ళలోకి వస్తుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. కాలనీ మొత్తానికి ఒకటే బోరు. దాని వెనకే పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్డు. కొడుకు మణికుమార్ పని చేసేది అందులోనే. కాలనీకి రోడ్డు వెయ్యడానికి పదేళ్ళు తీసుకున్న పంచాయితీ, ఆ షెడ్డుకి పది రోజుల్లో అనుమతి ఇచ్చింది.

"మా పిల్లని పచ్చినీళ్ళు ఒక్క చుక్క ముట్టనివ్వలేదమ్మా. సగానికి ఇగిరేదాకా కాచి, చల్లార్చి ఇచ్చేదాన్ని."

"కాస్తే పురుగులు చస్తాయండీ, సీసం పోదు. నీళ్ళు ఇగిరే కొద్దీ ఇంకా చిక్కనవుతుంది. తల్లి రక్తంలోంచి బిడ్డకి చేరుతుంది."

తాగలేనని కోడలు మొహం తిప్పుకుంటే గదమాయించి తాగించిన రోజులన్నీ సన్యాసమ్మకి ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఆ కాలనీ నుంచి వచ్చిన ఇంకో ఇద్దరికీ ఇలాగే జరిగిందనీ, నీళ్ళు పరీక్ష చేయించమని నిరుడే పంచాయితీకి ఉత్తరం రాశాననీ ఉషశ్రీ చెప్పింది.

సాయంత్రం వార్డు మెంబరు మంగరాజు మణికుమార్‌ని వెంటబెట్టుకుని ఆస్పత్రికి వచ్చాడు. చేతిలో కాగితం ఉంది. తనే చదివి వినిపించాడు. బరువులు మొయ్యడం వల్ల కడుపు పోయిందనీ, నీళ్ళ మీద తమకి ఏ ఫిర్యాదూ లేదనీ దాని సారాంశం. నీళ్ళ వల్లే పోయిందని డాక్టరు మాత్రం ప్రమాణం చెయ్యగలదా అన్నాడు.

"వేలిముద్ర వెయ్యి, అత్తా. రేపట్నుంచి రోజూ మినరల్ వాటర్ క్యాను మీ గుమ్మంలో పెట్టిస్తా."

"డాక్టరమ్మ ఉత్తరం నీకు అందిందా?"

మంగరాజు మాట మార్చాడు. షెడ్డు మూతపడితే మణికుమార్ గతేంటని అడిగాడు. మణికుమార్ తల దించుకుని, వేసెయ్యమని తల్లిని బతిమాలాడు.

సన్యాసమ్మ గొంతు పెంచలేదు. "తెలీక తాగించినదాన్ని నేను. తెలిసీ తాగనిచ్చినవాడివి నువ్వు. నా వేలు నీ కాగితం మీద పడదు."

మర్నాడు పొద్దున్నే ఆమె బోరు మోటారు గది తలుపుకి అడ్డంగా నిలబడింది. బిందెలతో వచ్చిన ఆడవాళ్ళకి జరిగిందంతా చెప్పింది. కొందరు తిట్టారు. కొందరు ఏడ్చారు. నాలుగో నెల కడుపుతో ఉన్న చిన్ని అనే అమ్మాయి బిందె కింద పెట్టి అడిగింది.

"మరి ఇవాళ ఏం తాగమంటావు, అత్తా?"

సన్యాసమ్మ ఆ ఖాళీ బిందె వంకా, ఆ పిల్ల కడుపు వంకా చూసింది. తలుపు దగ్గర్నుంచి మాత్రం కదల్లేదు.