మేరెన్ చేతి ముక్కలు

ఆ ఫ్రేము గోడెక్కిన దగ్గర్నుంచీ మేరెన్‌కి బేస్‌మెంట్ శుభ్రం చేయబుద్ధి కావడం లేదు. చేయక తప్పదనుకోండి. శుక్రవారం సాయంత్రం అందరూ కూర్చుని సినిమా చూస్తారు, శనివారం పొద్దున వాక్యూమ్ పట్టుకుని ఆమె ఒక్కతే మెట్లు దిగుతుంది. గోడంత తెర ఆమె భర్త కర్ట్ బిగించాడు. వెనక్కి వాలే తోలు కుర్చీలు కర్టే ఏరికోరి తెప్పించాడు. సినిమా హాళ్ళలో ఉండేలాంటి పాప్‌కార్న్ మిషను కూడా అతని ముచ్చటే. కుర్చీ సందుల్లో ఇరుక్కున్న పాప్‌కార్న్ మాత్రం దానంతటదే వచ్చి దానంతటదే పోతుందని అతని నమ్మకం. ఆ తెర మీద రెండేళ్ళుగా సినిమాలు ఆడుతున్నాయి గానీ, మేరెన్ ఒక్కదాని ముగింపూ చూడలేదు. కొడుకు గస్‌గాడు నిద్రకి పేచీ పెట్టేదీ, చిన్నది ఎల్సీ పాలు ఒలకబోసేదీ సరిగ్గా కథ ముడి విడే వేళకే.

ఇప్పుడు ఆ తెర పక్కన నల్లటి ఫ్రేములో అయిదు పేకముక్కలున్నాయి. మూడు అయిదులు, ఒక ఆఠీన్ జాకీ, కాస్త ఎడంగా ఆఠీన్ అయిదు. కింద ఇత్తడి రేకు మీద అక్షరాలు చెక్కించారు: కర్ట్ టోలెఫ్‌సన్, ఇరవై తొమ్మిది.

ఉత్తర మిన్నెసోటాలో ఆ రేకు ఏమిటని అడిగేవాళ్ళుండరు. సరస్సులు గడ్డకట్టే ఆ ఊళ్ళలో పిల్లలకి కూడికలు బళ్ళో కన్నా ముందు క్రిబేజ్ అనే పేకాట బల్ల దగ్గర వస్తాయి. చేతిలో నాలుగు ముక్కలు, మధ్యలో తిరగేసే ముక్క ఒకటి. అయిదూ కలిపి ఎంత గొప్పగా పడ్డా ఇరవై తొమ్మిదికి మించి పాయింట్లు రావు. ఆ ఇరవై తొమ్మిది కోసం జన్మంతా ఆడి చూడకుండా పోయినవాళ్ళే ఎక్కువ. మేరెన్ తండ్రి అలాగే పోయాడు. మంచు మీద చేపలు పట్టే గుడిసెలో, గాలం పక్కన పెట్టి, తిరగేసిన బకెట్టు మీద కూతురికి ఆట నేర్పినవాడు ఆయన. ఎవరికైనా ఆ చెయ్యి పడితే ముక్కల్ని మళ్ళీ పేకలో కలపరు, అద్దం కట్టించి పేరు రాసి గోడకి తగిలిస్తారు. ఊరి క్లబ్బులో అలాంటివి మూడు వేలాడుతున్నాయి. చిన్నప్పుడు వాటి కింద నిలబడి పేర్లు కూడబలుక్కుని చదివిన పిల్లకి, ఆ ముక్కలు పంచినప్పుడు గుండె ఎలా కొట్టుకుంటుందో వేరే చెప్పాలా?

పంచింది ఆమెకే మరి. నెల కిందట, ఓ ఆదివారం, అత్తవారింట్లో.

ఆదివారాలు చర్చి అయ్యాక రోజర్, లొరేన్‌ల ఇంట్లో భోజనం, భోజనం అయ్యాక ఆట. కర్ట్, మేరెన్ ఒక జట్టు. మామగారు రోజర్, మరిది డీన్ రెండో జట్టు. అత్తగారు లొరేన్ ఆడదు. వంటింట్లో గిన్నెలు తుడుస్తూ, ఎవరు గెలిచారని గడపలోంచి అడుగుతుంది. మేరెన్ కూర్చోవడమైతే కూర్చుంటుంది గానీ నాలుగుసార్లు పంచితే రెండుసార్లు మధ్యలోనే లేవాలి. లేచినప్పుడల్లా ఆమె ముక్కలు కర్ట్ ఆడేస్తాడు. గస్ పుట్టిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో అదో పద్ధతైపోయింది. తిరిగొచ్చేసరికి, "నీ వంతు ఆడేశాన్లే" అంటాడు, అంట్లు తోమిపెట్టినవాడిలా. ఆమె థాంక్స్ కూడా చెబుతుంది.

ఆ రోజు డీన్ పంచాడు. అయిదు ముక్కలు పంచితే ఒకటి పారేసి నాలుగు ఉంచుకోవాలి. మేరెన్ విప్పి చూసుకుంది. ఇస్పేటు, డైమన్, కళావరు అయిదులు మూడూ వచ్చాయి. ఆఠీన్ జాకీ, ఇస్పేటు రాజు. జాకీ రంగే అయిన ఆఠీన్ అయిదు మధ్యలో తిరిగితే ఇరవై తొమ్మిది, అది ఇంకా పేకలోనే ఉండొచ్చు. మొహంలో ఏమీ కనబడనీయకుండా రాజుని పారేసింది. మధ్య ముక్క తిరగేయడానికి పేక కోయాల్సిన వంతు కూడా ఆమెదే. చెయ్యి చాపింది.

"అమ్మా! అయిపోయింది!" అని బాత్రూంలోంచి ఎల్సీ కేక.

మేరెన్ కర్ట్ వైపు చూసింది. ఈ ఒక్కసారికి నువ్వెళ్ళు అని చప్పుడు కాకుండా పెదాలతోనే అంది. కర్ట్ ముక్కల్లోంచి తలెత్తకుండా, "అది పిలిచింది నిన్ను కదా" అన్నాడు. ఎల్సీ మళ్ళీ అరిచింది. రోజర్ బల్ల మీద వేళ్ళతో దరువేస్తున్నాడు. ఆయనకి ఆట ఆగడం గిట్టదు. మేరెన్ ముక్కలు బోర్లా పెట్టి, ఆగండి, ఇప్పుడే వస్తానని చెప్పి లేచింది.

ఆగలేదు. నాలుగేళ్ళ పిల్లకి పిర్ర తుడుస్తూ ఉండగా బయట ఇల్లెగిరిపోయేట్టు కేకలు వినిపించాయి. ఆమెకి తెలిసిపోయింది. చేతిలో తడి గుడ్డతో అలా ఉండిపోయింది. చేతులు కడుక్కుని వచ్చేసరికి రోజర్ కొడుకు భుజాలు పట్టుకుని ఊపేస్తున్నాడు, డీన్ ఫోనుతో ఫొటోలు తీస్తున్నాడు. ఫొటోలో కర్ట్ ఆ నాలుగు ముక్కల్నీ విసనకర్రలా విప్పి పట్టుకుని నవ్వుతున్నాడు. లొరేన్ ఒక్కతే మేరెన్ వైపు తిరిగి, పిల్లలున్న ఆడది పేకకి కూర్చుంటే ఇంతేనమ్మా, డీన్ పుట్టాక నేనందుకే మానేశాను అని మళ్ళీ గిన్నెల దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ క్షణంలో మేరెన్ కూడా నవ్వింది. ఏడిస్తే ఏం బాగుంటుంది? పేకముక్కల కోసం ఏడ్చిందంటారు. ముప్పై ఆరేళ్ళ మనిషి, ఇద్దరు పిల్లల తల్లి.

కానీ ఆ నవ్వు అరగలేదు. కర్ట్ ఆ కథ చెప్పినప్పుడల్లా అది ఇంకొంచెం బరువెక్కింది. మొదట్లో చెప్పేటప్పుడు, "మేరెన్ అప్పుడే లేచి వెళ్ళింది, పాపం, ఆమె బదులు నేను కోశాను" అనేవాడు. వారం తిరిగేసరికి అది "ఆ పూట రెండు చేతులూ నేనే ఆడుతున్నాలే" అయింది. ఫ్రేము తయారై వచ్చేనాటికి "నాకు ఇరవై తొమ్మిది పడింది" దగ్గరికి చేరింది. అబద్ధమాడాలని అతను అనుకోలేదు, అదే ఆమెకి మరీ కష్టంగా ఉంది. కథలోంచి ఆమెని తీసేయడానికి అతను వేలైనా కదపలేదు. వాడగా వాడగా సబ్బు అరిగిపోయినట్టు ఆమే అరిగిపోయింది. ఆమె పనిచేసే పళ్ళ డాక్టరు ఆఫీసులో ఓ పెద్దాయన అపాయింట్‌మెంట్ రాయించుకుంటూ, "మీ ఆయన అదృష్టవంతుడమ్మా, నువ్వు చూశావా ఆ చెయ్యి?" అని అడిగాడు. చూడలేదండీ, నేను అక్కడ లేను అని చెప్పి, ఆయన పేరు తప్పు రాసి, కొట్టేసి మళ్ళీ రాసింది.

ఆ తర్వాత ఆమెకి ఒకచోట కుదురు లేకుండా పోయింది. పొయ్యి మీద ఉడికేదాన్ని వదిలేసి వచ్చి కిటికీ దగ్గర నిలబడేది. పిల్లల బట్టలు మడతపెడుతూ, ఏ చొక్కా మడతపెట్టిందో ఏది పెట్టలేదో మర్చిపోయి అన్నీ విప్పేది. పేరు కావాలా నాకు? ఇత్తడి రేకు మీద పేరు కోసమా ఇదంతా? అని తనని తానే దెప్పుకునేది. కర్ట్ చెడ్డవాడు కాదు. తాగి రాడు, చెయ్యెత్తడు, పిల్లలంటే ప్రాణం పెడతాడు. మరి ఈ కడుపుమంట ఏమిటి? అతన్ని చెడ్డవాడనుకోవడానికి ఒక్క కారణం దొరికినా ప్రాణం తేలికపడేదేమో.

శనివారం సాయంత్రం కర్ట్ మనుషుల్ని పిలిచాడు. పెద్ద తెర మీద హాకీ మ్యాచ్ చూడటానికని చెప్పాడు గానీ, ఫ్రేము చూపించడానికేనని మేరెన్‌కి తెలుసు. అతనితో పనిచేసేవాళ్ళు వచ్చారు, పక్కింటి వెర్నా వచ్చింది. వెర్నాకి డెబ్బై దాటాయి, క్లబ్బులో మంగళవారం ఆటలు నడిపేది ఆవిడే. కర్ట్ కథ అందుకున్నాడు. మేరెన్ మాంసం, బంగాళాదుంపలతో చేసిన వేడివేడి హాట్‌డిష్ గిన్నె రెండు చేతులా పట్టుకుని మెట్లు దిగుతోంది.

వెర్నా అంతా విని, కళ్ళద్దాలు పైకి తోసుకుని, అయిదు ముక్కల్నీ చూసి, "ఏది పారేశావబ్బాయ్?" అంది.

ఆట తెలిసినవాళ్ళు ఎవరైనా మొదట అడిగేది అదే. పడ్డ ముక్కలు దేవుడిస్తాడు, పారేసే ముక్క మనిషి ఎంచుకుంటాడు. కర్ట్ గోడ మీది ముక్కల వైపు చూశాడు. ఏదో చిన్న ముక్కండీ, మూడో నాలుగో అన్నాడు. వెర్నా ఊరుకోలేదు, ఆ చెయ్యి పడినవాడు పారేసిన ముక్క మర్చిపోతాడా అంది. కర్ట్ నవ్వుతూ మెట్ల వైపు తిరిగాడు. "మేరెన్, నీకు గుర్తుందా, ఏది పారేశాను?"

గిన్నె వేడి గుడ్డలోంచి అరచేతులకి తగులుతోంది. మేరెన్ దాన్ని బల్ల మీద పెట్టింది. అందరూ తన వైపే చూస్తున్నారు.

"ఇస్పేటు రాజు" అంది. "పారేసింది నేను. ఆ ముక్కలు నాకు పంచారు."

ఎవరో ఇబ్బందిగా దగ్గారు. తెర మీద ఎవరో గోల్ కొట్టారు, దాని వైపు ఎవరూ చూడలేదు. వెర్నా మాత్రం, రాజుని పారేసి జాకీని ఉంచుకున్నావన్నమాట, మంచి పని చేశావమ్మా అని, కంచం అందుకుంది.

అందరూ వెళ్ళాక కర్ట్ వంటింట్లోకి వచ్చాడు. కోపం కన్నా అవమానమే ఎక్కువగా ఉంది అతని మొహంలో. నలుగురిలో నన్ను దొంగని చేశావన్నాడు. మనిద్దరం ఒకే జట్టు కదా, నీదేంటి నాదేంటి అన్నాడు. కావాలంటే రేపే రేకు మార్పిస్తాను, ఇద్దరి పేర్లూ రాయిస్తాను అన్నాడు. మేరెన్ గిన్నెకి అంటుకున్న మాడు గీకుతోంది. అప్పుడతను, నెల రోజులుగా ఆమె తనని తాను అడుగుతున్న మాట అనేశాడు.

"సరే, ఒక్కటి చెప్పు. పేక కోసింది నేను. నువ్వు కోసుంటే ఆ ముక్క పడేదా?"

పడేది కాదు. అది ఆమెకీ తెలుసు. ఆమె చెయ్యి ఇంకెక్కడో ఆగేది, ఏ ఏడో ఎనిమిదో తిరిగేది, అంతా నవ్వుకుని ముందుకు సాగేవాళ్ళు. ఇరవై తొమ్మిది అనేదే ఉండేది కాదు. ఇన్నాళ్ళూ ఆమె నోరు కట్టేసింది ఆ ఒక్క న్యాయమే. కానీ ఇప్పుడు అతని నోట్లోంచి వినగానే అది అంత పెద్దదిగా కనిపించలేదు.

"పడేది కాదేమో" అంది. "పడకపోతే పడకపోయేది. నా ఆట నేను ఆడేదాన్ని. నాకు పేరొద్దు కర్ట్. ముక్క తిరగేసినప్పుడు నేను అక్కడ లేను. నువ్వు లేవాల్సింది."

అతనికి నిజంగానే అర్థం కాలేదని ఆమెకి తెలుస్తోంది. నెమ్మదిగా, బతిమాలుతున్నట్టే అన్నాడు, "కానీ అది 'అమ్మా' అని పిలిచింది కదా మేరెన్. నన్ను పిలిస్తే నేను వెళ్ళనా?"

మేరెన్ గిన్నె కడిగి బోర్లించి, చేతులు తుడుచుకుని పైకి వెళ్ళిపోయింది. ఆ మాటే తల్లో తిరుగుతోంది. గస్ పుట్టిన దగ్గర్నుంచీ అంటున్నాడు ఆ మాట. జ్వరాలప్పుడన్నాడు, పీడకలలప్పుడన్నాడు, స్కూలు నుంచి ఫోన్లొచ్చినప్పుడన్నాడు. నన్ను పిలవలేదుగా. నిజమే, పిలవలేదు. పిల్లలకి ఎవరు వస్తారో తెలుసు కాబట్టి వాళ్ళనే పిలుస్తారు. ఒకరోజు కూడా తప్పకుండా వచ్చి వచ్చి, తనే నేర్పింది వాళ్ళకి ఆ పిలుపు.

మర్నాడు అత్తవారింట్లో భోజనాలయ్యాయి. లొరేన్ గిన్నెలు పోగుచేస్తోంది. బల్ల మీద రోజర్ పేక కలుపుతున్నాడు, కర్ట్ ఎదురుగా మేరెన్ కుర్చీ ఖాళీగా ఉంది. రా మేరెన్, ఆలస్యమవుతోంది అని డీన్ పిలిచాడు. ఆమె ఎల్సీని బాత్రూం గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుంది.

"పనయ్యాక ఎవర్ని పిలుస్తావ్?"

"అమ్మని" అంది ఎల్సీ, ఇంత తేలిక ప్రశ్న అడిగినందుకు గర్వంగా.

"ఇవాళ్టి నుంచి నాన్నని పిలువు."

ఎల్సీ తల్లి భుజం మీదుగా హాల్లోకి తొంగి చూసింది. "నాన్న ఆడుకుంటున్నాడుగా."

"నేనూ ఆడుకుంటున్నా."

ఈ సంగతి ఆ పిల్లకి కొత్త. తల్లి మొహంలోకి పరీక్షగా చూసింది, వేళాకోళమేమోనని. కాదని తేల్చుకున్నాక కాసేపు ఆలోచించింది. ఎల్సీది అచ్చం టోలెఫ్‌సన్‌ల గొంతు, సరస్సు ఈ ఒడ్డున అరిస్తే ఆ ఒడ్డున కుక్కలు లేస్తాయి.

"నాన్న రాకపోతే?" అంది.

"వచ్చేదాకా పిలువు" అంది మేరెన్.