బరువు ఎత్తొద్దన్న మాట

గండయ్య పోయాక ఆ ఇంట్లో బిందె ఎత్తేవాళ్లు లేరు. అతని భార్య లక్ష్మీనర్సమ్మ నల్లా దగ్గర చెంబు పట్టి, చెంబెడు చెంబెడుగా నీళ్లు లోపలికి మోసుకునేది. పొద్దంతా మగ్గం తొక్కే మనిషికి బిందె బరువా అని కట్టంగూర్‌లో ఆ వాడ ఆడవాళ్లు నవ్వేవాళ్లు. ఆమె ఇంకో చెంబు పట్టుకునేది.

ముప్పై ఏళ్లు నిండకముందే ఆమెకు గర్భసంచి, దానితో పాటు అండాశయాలూ తీసేశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టర్లు బరువు ఎత్తొద్దన్నారు. ఎప్పటిదాకా అని వాళ్లు చెప్పలేదు, వీళ్లు అడగలేదు. ఆనాటి నుంచి బిందె, బియ్యం సంచి, నేసిన చీరల మూట అన్నీ గండయ్యే ఎత్తాడు. పొయ్యి మీది అన్నం గిన్నె కూడా అతనే దించేవాడు. పెండ్లానికి నీళ్లు మోస్తున్నాడని దాయాదులైన పాలివాళ్లు ఎగతాళి చేస్తే, నా పెండ్లానికే కదా అని ముందుకు పోయేవాడు.

ఈ వానాకాలంలో ఆమె గడప దగ్గర జారి చేయి ఆనించింది. అంతమాత్రానికే మణికట్టు విరిగింది. ఎముకలు గుల్లబారాయని పరీక్షలో తేలింది. చేయి అతుక్కున్నాక, మహబూబ్‌నగర్‌లో ఫిజియోథెరపీ చేయించే ఉద్యోగంలో ఉన్న కూతురు హారిక సెలవు పెట్టి వచ్చి, రెండు నీళ్ల సీసాల్లో ఇసుక నింపి తల్లి ముందు పెట్టింది.

లక్ష్మీనర్సమ్మ వాటిని ముట్టలేదు. లోపలి కుట్లు ఊడతాయంది.

హారిక ఓపికగా చెప్పింది. ఎత్తొద్దన్నది గాయం మానేదాకే. అండాశయాలు లేకపోతే ఎముక తొందరగా పలచబడుతుంది. కండ గుంజితేనే ఎముక గట్టిగా నిలుస్తుంది. అలవాటైన మగ్గం తొక్కితే చాలదు, కొంచెం ఎక్కువ బరువు ఎత్తాలి, కొన్నాళ్లకు ఇంకొంచెం పెంచాలి. పప్పు, గుడ్డు తినాలి.

తల్లి అంతా విన్నది.

"అయితే మీ బాపు మోసిందంతా ఉత్తదేనా బిడ్డా?"

హారిక సీసా మూత బిగించబోయింది. అది బిగిసే ఉంది.

"ఉత్తది గాదమ్మా. మొదట్ల గది కావాల్సిందే. తర్వాత..."

"తర్వాత ఆ మోసుడే నన్ను గుల్ల చేసిందంటవ్."

"నేననలే."

"అనకు. ఎవ్వరితోని గూడ అనకు. పాలోళ్లు నవ్వుతరు."

ఆమె పోయి మగ్గం గుంటలో కూర్చుంది గాని అటూ ఇటూ పోగు లాగే నాడె కదల్లేదు. సీసాలు ఎత్తితే ఆయన చేసింది తప్పని ఒప్పుకున్నట్టే. ఎత్తకపోతే ఈసారి తుంటి విరుగుతుంది. హారిక రేపు పోతుంది.

చాలాసేపటికి లేచి వచ్చి, తలుపు పెట్టమంది.

ఒక చేయి పొట్ట మీద అదుముకొని, రెండో చేత్తో సీసాను మెల్లగా భుజందాకా ఎత్తింది. దించింది. చేయి మార్చి మళ్లీ ఎత్తింది. ఏ కుట్టూ ఊడలేదు. ఆమె కళ్ల వెంట నీళ్లు కారాయి.

"నొస్తాందా అమ్మా?"

"లేదు బిడ్డా. జర నొచ్చినా బాగుండు, మీ బాపు మోసింది ఉత్తది గాదనుకుందు."

ఆమె మళ్లీ సీసా అందుకుంది.