టైలరు సరిచేసిన గీత

చొక్కా విప్పి, చక్కగా మడిచి, కాలరు పైకొచ్చేలా కుర్చీ మీద పెట్టాడు టైలరు. ముప్ఫై ఎనిమిదేళ్ల అలవాటు, ఆస్పత్రికొస్తే మాత్రం పోతుందా? రొమ్ము ఎముక వెనక పెరిగిన గడ్డని కోసి తీసేశారు. లక్షల్లో ఒకరికొచ్చే రకమట. "జన్మలో లాటరీ తగల్లేదు గానీ ఇది తగిలింది చూడండి," అని కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది భార్య. ఆపైన ఇరవై అయిదు రోజుల రేడియేషన్. ఇవాళే ఆఖరు. ఛాతీ మీది గుర్తులు చెరిగిపోతాయని అయిదు వారాలుగా అక్కడ సబ్బు తగలనివ్వలేదావిడ. ఇవాళ మాత్రం నీళ్లు కాచి ఉంచుతానంది. ఆ స్నానం తలుచుకుంటేనే ఒళ్లు పులకరించింది.

బల్ల మీద పడుకోగానే, మిషన్ నడిపే అమ్మాయి వంగి చూసి ఆగిపోయింది.

"బాబాయ్, ఈ నీలం గీత ఎవరు గీశారు?"

"నేనేనమ్మా, ఇవాళ పొద్దున. చెమటకి నీది చెరిగింది. అయినా అది రెండు వేళ్లు ఎడమకి పోయింది. నడిమిగీత నడుమ ఉండొద్దూ?"

"అయ్యయ్యో! గడ్డ పుట్టిందే ఎడమవైపు. ఇదేమన్నా చొక్కా గుండీల వరసా? జేబులో సుద్ద ఉంటే ఇటివ్వండి ముందు!"

టైలరు ప్యాంటు జేబులోంచి సుద్దముక్క తీసి ఇచ్చేశాడు. గుడ్డయితే కుట్టు విప్పొచ్చు, ఒంటికి ఏం చేస్తాడు? ఇన్నాళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరు చేశానా? ఇవాళ తప్పితే మళ్లీ సోమవారమే. కాగుతున్న నీళ్లు గుర్తొచ్చి ఏడుపొచ్చినంత పనైంది.

ఆమె కొత్తగా ఫోటో తీసి, మొదటిరోజు ఫోటోతో సరిచూసింది. ఆ పది నిమిషాలూ అతను ఊపిరి కూడా కొలిచి పీల్చాడు.

"అసలు చోటు దొరికింది బాబాయ్. మీది తుడిచేసి నాది గీశా. కదలకండి."

ఆమె పక్కగదిలోకి వెళ్లగానే మిషన్ గుర్రుమంది. అలవాటు కొద్దీ అతని పాదం తొక్కబోయింది.

"కాలు!" అని మైకులో కేక. ఠక్కున ఆపేశాడు.

"అయిపోయింది. ఇంటికెళ్లి హాయిగా నీళ్లు పోసుకోండి, రుద్దకండి."

లేచి కూర్చుని చిన్నపిల్లాడిలా నవ్వాడు. "నా సుద్ద ఇస్తావా తల్లీ?"

"ఇవ్వను గాక ఇవ్వను."

"సరే, ఉంచుకో. నీకే పనికొస్తుంది. నీ గీతలు కాస్త వంకర."

గుండీలు పెట్టుకుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. మిషన్ గది బల్ల మీద, అతని బొటనవేలికి అరిగి ఒకపక్క పల్చబడ్డ నీలం సుద్దముక్క ఉండిపోయింది.