కొలతకర్ర మోసిన పిట్ట

పొద్దున్నే వరండాలోంచి కప్పల్ని ఊడ్చడంతో గార్డు కూతురు పిట్ట రోజు మొదలవుతుంది. గోరంత కప్పలు. ఊడ్చినవి ఊడ్చినట్టే మళ్ళీ గడపెక్కుతాయి. ఆ తర్వాత దండెం మీది బట్టలు పిండాలి. నిన్న పిండినవే! కొండ కొసనున్న గార్డు గుడిసెలోకి మబ్బు తలుపైనా తట్టకుండా వచ్చేస్తుంది కాబట్టి, అక్కడ బట్టలు ఆరడమనే మాటే లేదు.

ఆ కొండంతా నేషనల్ పార్కు. కింద ఒక తీరు, పైన ఒక తీరు. కింద చెట్ల చివర చూడాలంటే టోపీ పడిపోయేదాకా తలెత్తాలి. నడికొండలో చెట్లు నాచు కప్పుకుని, కొమ్మకొమ్మకీ పూలు పూయించుకుని, వాన లేకపోయినా కారుతుంటాయి. పైన గాలి దెబ్బకి వంగిపోయి భుజం దాటవు. మనుషులకీ అదే రూలు. ఎక్కేకొద్దీ మలుపు మలుపుకీ కాస్త కాస్త తగ్గుతారు, దిగేకొద్దీ మళ్ళీ పెరుగుతారు. చెప్పులు, సంచులు, గిన్నెలు, ఒంటి మీది బట్టలు, కింద నుంచి వచ్చిన ప్రతిదానిదీ అదే దారి. మోకాళ్ళు రెండ్రోజులు సలుపుతాయి, అంతే. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు.

పైన పుట్టినవి మాత్రం ఎక్కడికెళ్ళినా మారవు. పిట్ట పైనే పుట్టింది. కాన్పుకని వాళ్ళమ్మ కిందికి బయల్దేరిన రోజున దారంతా మబ్బు కమ్మేస్తే, వెనక్కి తిరిగొచ్చి గుడిసెలోనే కన్నది. అమ్మ ఇప్పుడు లేదు. పైన ఉన్నప్పుడు పిట్ట వాళ్ళ నాన్న కంటే జానెడు పొడుగు. కిందికి దిగితే ఆయన నడుము దగ్గర ఆగిపోతుంది. పైగా దిగే దారిలో చొక్కా పెరిగి మోకాళ్ళ దాకా వేలాడుతుంది. మలుపు మలుపుకీ చేతులు మడుచుకుంటూ దిగాలి. తీరా దిగాక, కొట్టువాడు బల్ల మీంచి వంగి, "ఏం కావాలి పాపా?" అంటాడు. ముప్పై దాటిన మనిషిని! ఒళ్ళు మండిపోదూ?

ఈ నెలాఖరుకి నాన్న రిటైరవుతున్నాడు. గుడిసె గార్డుది. పిట్టకి ఆ పోస్టు రాకపోతే తట్టాబుట్టా సర్దుకుని, జీవితాంతం కిందే, నలుగురి నడుముల మధ్య బతకాలి.

"ఈసారి కూడా పేరిస్తావా తల్లీ?" అన్నాడు నాన్న.

"ఇవ్వక? ఈ బురదనేలలో ఎక్కడ కాలు పెట్టొచ్చో, ఎక్కడ పెడితే ఊటలు చస్తాయో నాకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? అయినా వాళ్ళకి కావల్సింది అది కాదుగా. పొడుగు! చెట్లకి పైకప్పు వేయిస్తారా ఏం, నాతో?"

గార్డు పోస్టుకి పొడుగు కావాలి. ఎందుకో ఎవరికీ తెలీదు, రూలు. కింది ఆఫీసులో అక్కడి అడవి కర్రతోనే చేసిన కొలతకర్ర ఉంది, దాని మీద ఎర్ర గీత. గీత అందనివాళ్ళు ఇంటికి. అందినవాళ్ళు కొండెక్కాలి. ఎక్కినవాళ్ళలో అందరికంటే పొడుగైనవాళ్ళకి ఉద్యోగం. పార్కులో ఏటా ఏదో ఒక గార్డు పోస్టు ఖాళీ అవుతుంది. ఏటా పిట్ట ఆ కర్ర కింద నిలబడుతుంది, ఏటా గీత ఆమె నెత్తి మీద ఎక్కడో ఉంటుంది, ఏటా ఎవడో ఒకడు "వచ్చే ఏడాదికైనా పెరుగుతావా?" అంటాడు, మిగతావాళ్ళు నవ్వుతారు.

ఈసారి కొత్త ఆఫీసరు వచ్చాడు. పనంటే మహా బద్ధకం. "ఇంతమందిని కొలుస్తూ కూర్చోవాలా? ముందు ఎక్కించండి. సగంమంది దారిలోనే రాలిపోతారు. మిగిలినవాళ్ళని పైన కొలుద్దాం," అన్నాడు.

పిట్ట మడిచిన చొక్కా చేతులు ఇంకో మడత పైకి తోసి ముందుకొచ్చింది. "నా పేరూ ఉంది సార్."

ఆయన కిందికి చూశాడు. "నిన్ను కొలవక్కర్లేదమ్మా, కనిపిస్తూనే ఉంది. నీ ఇల్లెలాగూ పైనేగా, కాస్త ఆ కర్ర పట్టుకురా."

కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తనని పనికిరాదన్న కర్రని తనే మోయాలి! విసురుగా భుజాన వేసుకుంది. అది ముందు ఒక చెట్టుకీ వెనక ఒక చెట్టుకీ కొట్టుకుంటుంటే, దాన్నీ, ఆఫీసర్నీ, మబ్బునీ, ఆ రోజు తిరిగొచ్చిన అమ్మనీ కూడా తిట్టుకుంటూ ఎక్కింది. నాచు అడవిలో కొందరు కూలబడ్డారు. జలగలకి బెదిరి కొందరు దిగిపోయారు. చొక్కా చేతుల మడతలు విప్పుకుంటూ, తిట్లు ఆపకుండా ఎక్కిన పిట్ట, కర్ర చంకలో ఇమిడిపోయిన సంగతే గమనించలేదు.

పైన, గుడిసె ముందు కర్ర పాతారు. ఎక్కగలిగిన నలుగురూ ఒకరి తర్వాత ఒకరు నిలబడ్డారు. వాళ్ళూ తగ్గారు, కర్రా తగ్గింది, కాబట్టి గీత అందరికీ అందింది. పిట్ట టీ గ్లాసులు పట్టుకుని ఆ పక్కనుంచి వెళ్తూ ఆగిపోయింది. ఎర్ర గీత సరిగ్గా ఆమె గడ్డం దగ్గరుంది.

గ్లాసులు నేల మీద పెట్టేసి, కర్రకి వీపు ఆనించి నిలబడింది.

"నన్ను కొలవండి సార్."

ఆఫీసరు ఈసారి తలెత్తి చూడాల్సొచ్చింది. "అదేంటి... కింద నువ్వు..."

"గార్డు కాపలా కాసేది ఎక్కడ సార్?"

"ఇక్కడే."

"మరి కింద ఎంతుంటే ఎవడిక్కావాలి?"

ఆయన నలుగుర్నీ చూశాడు, కర్రని చూశాడు. మళ్ళీ దిగి, మళ్ళీ కొలిచి, మళ్ళీ ఎక్కడం తలుచుకునేసరికి ఆయన మోకాళ్ళు సలిపాయి. "పోస్టు నీదే," అన్నాడు.

పిట్ట ఆనందించలేదు, నాన్న మీద విరుచుకుపడింది. "ఇన్నేళ్ళు నాన్నా! ఈ దిక్కుమాలిన కర్రని ఒక్కసారి పైకి తెద్దామని నీకూ తట్టలేదా?"

"నీకు మాత్రం తట్టిందా తల్లీ?" అన్నాడాయన, ఆమె ముఖంలోకి తలెత్తి చూస్తూ. అప్పుడు ఏడ్చింది.

మబ్బు వస్తోంది, దిగాలి. ఆఫీసరు అలవాటుగా కర్ర పెరికి పిట్ట వైపు చాచాడు.

"నేను మొయ్యను సార్. నా డ్యూటీ ఇక్కడే."

నలుగురిలో ఒకడు భుజాన వేసుకున్నాడు. దిగుతున్నకొద్దీ అది పెరుగుతూ, మలుపు మలుపుకీ చెట్లకి కొట్టుకుంటున్న చప్పుడు పైదాకా వినిపించింది. పిట్ట చీపురు తీసుకుంది. కప్పలు మళ్ళీ గడపెక్కుతున్నాయి.