కావి గచ్చు

తెల్లారేసరికి తూత్తుకుడి దిక్కునుంచి మబ్బులు వచ్చి, కురవకుండా కదలకుండా కోవిల్‌పట్టి మీద నిలబడ్డాయి. కొత్తింటికి గోడలూ కప్పూ అయ్యాయి, నేల ఇంకా లేదు. వసారాలో పొయ్యి పెట్టి కార్తీశ్వరి అన్నం వండుతుంటే, లోపల మొగుడు ఇసక్కిరాజా, గోడలు కట్టిన కొత్తనారు మేస్త్రి ముత్తుపాండి, టేపు చెరో కొస పట్టుకుని గచ్చుకి అంచనా వేస్తున్నారు.

"సిమెంటు, ఇసక అదే లెక్క. కావి కలిపితే ఇంకొంచెం అవుతాదన్నా" అన్నాడు మేస్త్రి.

ఆమె చేతిలో గంటె ఆగింది. కావి ఆమె కోరిందే. చిన్నప్పుడు విరుదునగర్‌లో, అమ్మ పనిచేసే పత్తి యాపారి ఇంట్లో చూసింది ఆ ఎర్రటి నేలని. ఎవరూ లేనప్పుడు చెంప ఆనిస్తే, చల్లదనం చెవిలోకి ఎక్కింది. ఇప్పటికీ కలలో ఆ నేల మీదే పడుకుని ఉంటుంది. కింద మబ్బులు పోతుంటాయి. ఎవరూ పిలవరు.

"వారం పది దినాలు గచ్చు మీద నీళ్ళు కట్టాల, లేకుంటే పగుల్తాది. దానికి సిత్తాలు వద్దులే, అక్క ఉందిగా" అన్నాడు ముత్తుపాండి.

సిత్తాలంటే నీళ్ళూ సున్నమూ మోసే ఆడకూలి. గోడలు లేచినప్పుడూ ఇదే మాట. అగ్గిపెట్టెల కంపెనీకి సెలవు పెట్టి ఆమే బిందెలు మోసింది. "అగ్గిపెట్టెలు యాడికి పోతాయి?" అన్నాడు మొగుడు. అగ్గిపెట్టెలు ఎక్కడికీ పోలేదు. కిటికీ పక్కన ఆమె చోటే పోయింది. తిరిగి వెళ్ళేసరికి అక్కడ ఇంకో పిల్ల కూర్చుని ఉంది. అగ్గిమందు వాసన కమ్మే చీకటి మూలలో నెలలు గడిపాక, మొన్ననే ఆ కిటికీ మళ్ళీ దొరికింది. అక్కడైతే చేతులు వాటిపాటికవి పెట్టెలు నింపుతుంటాయి, ఆమె ఎక్కడెక్కడో తిరిగొస్తుంది.

"సిత్తాలు కూలి కూడా కలుపు తంబీ" అంది.

మిరపకాయల తొడిమలు తుంచుతున్న అత్త పేచ్చియమ్మాళ్ నవ్వింది. "నీళ్ళు పోసేదానికి కూలంట! రేపు పొయ్యి ముట్టించేదానికీ అడుగుతాది."

"ఇంట్లో మనిషుండంగా సిత్తాలెందుకే?" అన్నాడు ఇసక్కిరాజా.

"నేను పనికి పోతా. నీళ్ళు నేను కట్టను."

టేపు గరగరా చుట్టుకుంది. అతను కేకలెయ్యలేదు. "అట్లయితే కావి తీసేసి ఆ డబ్బు సిత్తాలుకి ఇద్దాం, వట్టి సిమెంటు గచ్చే. ఏది కావాల్నో నువ్వే చెప్పు" అన్నాడు, జవాబు తెలిసినవాడిలా.

ఎర్రటి నేల ఒకసారి కళ్ళముందు తేలింది. దాని మీద ఒక ఆడమనిషి వంగి బిందె ఒంపుతోంది. ఇన్నేళ్ళ కలలో ఆ మనిషి ఎప్పుడూ కనబడలేదు.

"తీసెయ్" అంది.

నాలుగు పళ్ళేలు పరిచి వడ్డించింది. రోజూ అందరూ తిని లేచాక తినే మనిషి, నాలుగో పళ్ళెం ముందు తనే కూర్చుంది. ఇసక్కిరాజా పులుసు కోసం ఆమె వైపు చూశాడు. కాసేపు చూసి, గిన్నె తనే జరుపుకున్నాడు.

ఆమె నోట్లో అన్నం ఇంకా వేడిగా ఉంది.