కోడలు కనుమ ఎక్కిన రోజు

ఆడగుర్రాల పాలు రెండోసారి పితికే వేళయినా సైకాల్ తిరిగి రాలేదు. ఎర్ర గుర్రం తాడు తెంపుకుపోయిందని, కళ్లెం భుజాన వేసుకుని తెల్లవారుతూనే బయలుదేరింది నా కోడలు. ఆ గుర్రం ఆమె పుట్టింటివాళ్లు పెళ్లికి ఇచ్చింది. వేసవి మేతకు కొండపైకి వచ్చిన నాటి నుంచీ కనుమ వైపే తిరిగి నిలబడేది. కనుమకు అవతలే వాళ్ల మేత బయలు.

గుడారంలోకీ బయటికీ ఎన్నిసార్లు తిరిగానో నాకే తెలియదు. పాలు పోసిన తోలుతిత్తి చిలకడం మొదలుపెట్టి మధ్యలో వదిలేశాను. నా కొడుకు మెలిస్ గొర్రెలతో కింది లోయకు పోయాడు. వాడొచ్చి పెళ్లాం ఏదంటే ఏం చెప్పాలి?

పొరుగు గుడారం ఉల్కాన్ వచ్చింది. "మీ కోడలు కనుమ ఎక్కుతుంటే చూశాను వదినా. గుర్రాన్ని పట్టుకోడానికి వెళ్లిందో, గుర్రమే దారి చూపించిందో."

"నీ పొయ్యి మీద పాలు పొంగుతున్నాయేమో చూసుకో, పో" అన్నాను.

అన్నానే గానీ, నా భయమూ అదే. పెళ్లయిన పిల్లను అత్తవారే కానుకలతో పుట్టింటికి తీసుకెళ్లాలి. అంతదాకా ఆమె ఆ గడప తొక్కకూడదు. అందరూ ఏడాది తిరక్కుండా తీసుకెళ్తారు. నేను మూడు వేసవులు దాటించాను. పెళ్లి విందులో నాకు గౌరవంగా తుంటి మాంసం పెట్టాల్సింది పోయి, వియ్యంకుడు నలుగురిలో కాలి ఎముక పెట్టించాడు. అది నా గొంతులోనే ఉండిపోయింది. సైకాల్ ఏనాడూ అడగలేదు. అడిగి ఉంటే కసిరేదాన్ని. ఆ కసురుతో నా కోపమైనా కొంత తగ్గేది.

ఇక కూర్చోలేకపోయాను. పెట్టె తెరిచి తెల్ల శాలువా, దూది కుట్టిన మగవాళ్ల కోటు తీశాను. నిన్న నూనెలో వేయించిన రొట్టెముక్కలు సంచిలో పోశాను. పొట్టేలు కాళ్లు కట్టి జీను ముందు అడ్డంగా వేయించుకున్నాను. "మా పాలు కూడా నువ్వే పితుకు" అన్నాను ఉల్కాన్‌తో. ఆమె నోరు తెరిచేలోపే గుర్రాన్ని అదిలించాను.

కనుమ మీద ఇంకా మంచు మిగిలే ఉంది. సైకాల్ ఒక రాయి మీద కూర్చుని ఉంది. ఎర్ర గుర్రం కళ్లెంతో పక్కనే మేస్తోంది. నన్ను చూసి సైకాల్ లేచి తల దించుకుంది.

"గుర్రం దొరికింది అత్తయ్యా. పొద్దున్నే దొరికింది."

"మరి వెనక్కి రాలేదేం?"

"కాళ్లు రాలేదు."

"ముందుకెళ్లాల్సింది."

"అటూ రాలేదు."

కింద బయల్లో నాలుగు గుడారాల పొగ లేస్తోంది. "ఆ రెండోది మాది" అంది మెల్లగా. "అమ్మ ఉన్ని ఆరబెడుతోంది. మూడుసార్లు లోపలికెళ్లి వచ్చింది."

పొద్దుటి నుంచీ ఆ గాలిలో కూర్చుని లెక్కపెట్టుకుంటోందన్నమాట.

"ముందు ఈ పొట్టేలును సరిగ్గా సర్దు. దారంతా నన్ను తన్నుతూనే ఉంది."

"ఎందుకు తెచ్చారు?"

"వియ్యంకుల ఇంటికి వట్టి చేతులతో వెళ్తామా?"

ఆమె గుర్రం జూలులో మొహం దాచుకుంది. నేను అటు తిరిగి మంచు వంక చూస్తూ నిలబడ్డాను.

వాళ్లింట రెండు రోజులున్నాను. నెల రోజులు ఉండమని సైకాల్‌కు చెప్పి ఒక్కదాన్నే వచ్చేశాను.

"నెలా? ఎవర్నడిగి?" అన్నాడు మెలిస్.

"నన్నడిగి."

పాలు పితికి లేచిన ప్రతిసారీ నా చూపు పైకే పోయేది. ఉల్కాన్ ఏదో అనబోయి మానుకునేది. ఇరవయ్యో రోజున సైకాల్ తమ్ముడిని వెంటబెట్టుకుని దిగింది.

"ఇంకా పది రోజులుందిగా" అన్నాను.

"అక్కడా నిద్ర పట్టలేదు అత్తయ్యా."

ఆ మొహంలో ఉన్నది సంతోషమో బెంగో నాకు అంతుపట్టలేదు. నా చేతిలోని బకెట్టు తీసుకుని ఆడగుర్రాల వైపు వెళ్లిపోయింది.